షర్బత్‌కీ షరాబ్‌కీ మధ్య ఒక తాటిచెట్టు

ఈసారి విస్కీ గురించి రాస్తున్నానని ఫోనులో చెబితే మా ఆపా "తౌబా తౌబా! రంజాన్ వెళ్ళి నాలుగు నెలలు కాలేదు, నీకేం పోయేకాలంరా!" అంది. ఆపా ఉండేది నగరంలో. నగరం అంటే సిటీ కాదు, మా తాటిపాకకి దగ్గర్లో ఉన్న ఊరు. మీలోనూ కొందరికి అదే కంగారు పుడుతుంది గనక ముందే చెప్పేస్తాను. నాకు నలభై ఆరేళ్ళు. ఇప్పటిదాకా ఒక్క చుక్క నాలుక మీద పెట్టలేదు, ఇన్‌షా అల్లాహ్ పెట్టబోను. అయినా ఈ సంగతి మన ఇళ్ళలో మాట్లాడుకోవాల్సిందే. ఇందులో ఒక తాటితోపు ఉంది, ఒక ముసలాయన రోజీ ఉంది, మా మసీదు గేటు కూడా ఉంది.

ముందు కొంచెం జబాన్ ముచ్చట. నేను గుంటూరులో మామూ ఇంట్లో ఉండి ఉర్దూ మీడియం చదివాను. అక్కడ మా ఉస్తాద్ ఒక లఫ్జ్ పట్టుకుంటే దాని తాతముత్తాతల దాకా వెళ్ళేవారు. షరాబ్, షర్బత్ రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టాయని ఆయనే చెప్పారు. 'తాగడం' అనే మాటకి పుట్టిన ఇద్దరు పిల్లలు. ఒకడు దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాడు, ఒకణ్ణి గుమ్మం బయటే ఆపేశాం. ఇంగ్లీషు వాళ్ళ సిరప్ కూడా ఆ ఇంటి పిల్లే. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే మాస్టారు ఔపవిభక్తికాలు చెబుతూ 'తాడి' అన్న మాట 'చెట్టు' ముందుకు రాగానే 'తాటి' అవుతుందన్నారు. అప్పుడు మా ఊరి పేరు గుర్తొచ్చి తెగ సంబరపడ్డాను. మన తాడే ఉర్దూలో తాడ్, దాని రసం తాడీ. ఆ తాడీ తెల్లవాళ్ళ నోట్లో పడి టాడీ అయింది. ఇవాళ అమెరికాలో జలుబు చేసినవాడు విస్కీలో వేడినీళ్ళూ తేనే నిమ్మరసం కలుపుకుని 'హాట్ టాడీ' అని తాగుతాడు. ఆ గ్లాసులో తాటిచెట్టు లేదు, దాని పేరు మాత్రం ఉంది.

ఈ మాట నా దోస్త్‌కి చెబితే అరగంట నవ్వాడు. వాడూ నేనూ తాటిపాక వీధుల్లో కలిసి పెరిగాం. నేను సాయిబుగారబ్బాయిని, వాడు గీత కార్మికుడి కొడుకు. వాళ్ళ నాన్నని నేను బాబాయ్ అనే పిలుస్తాను. వాడు ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళి, అక్కడా ఇక్కడా తిరిగి చివరికి కెంటకీలో కుదురుకున్నాడు. కెంటకీ అంటే బోర్బన్ పుట్టిల్లు. తాటికల్లు దించే ఇంట పుట్టినవాడు పోయి పోయి అక్కడ తేలాడని నేను ఏడిపిస్తుంటాను.

వాడికి ఇంట్లో ఒక షౌక్ ఉంది. నెలకోసారి, శనివారం రాత్రి, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కూర్చుని నాలుగైదు రకాల రై విస్కీలూ బోర్బన్లూ పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూస్తారు. తాగి పడిపోయే వ్యవహారం కాదురా, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఉంటుంది అంటాడు. సీసాలకి కాగితం చుట్టేస్తారు. అన్నీ ఒకే రకం గ్లాసులు. ఒక్కోదాంట్లో ఒక చెంచా రెండు చెంచాలు, అంతే. ముందు ముక్కు, తర్వాతే నాలుక. నెమ్మదైన వాటితో మొదలుపెట్టి ఘాటైన వాటి దగ్గరికి వెళ్తారు. మధ్యలో మంచినీళ్ళు, చప్పిడి బిస్కట్టు. ఎవరికి వారు కాగితం మీద రాసుకున్నాకే నోరు విప్పాలి. లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి జాయఖా అందరి జాయఖా అయిపోతుందట. ఈ చివరి షరతు మన జమాత్ మీటింగుల్లో కూడా పెడితే బావుండును.

నేను జర్నలిస్టుని. తాగకపోయినా అడగడం మానను. రైకీ బోర్బన్‌కీ ఫర్క్ ఏమిటని అడిగాను. పక్కనే వింటున్న మా అమ్మీ "రై అంటే ఆవాలు కదా, ఆవాలతో కూడా సారా కాస్తున్నారా వీళ్ళు?" అంది. స్పీకర్లో వాడు మళ్ళీ నవ్వు. ఉర్దూ రై కాదమ్మీ, ఇది గోధుమకి చుట్టమైన ఒక చలిదేశపు ధాన్యం అని చెప్పాడు. అమెరికా చట్టం ప్రకారం కలిపిన గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉంటే అది బోర్బన్. 51 శాతం ఆ రై గింజ ఉంటే రై విస్కీ. రెండింటినీ లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ చెయ్యాలి, ఒకసారి వాడిన పీపా మళ్ళీ పనికిరాదు. బోర్బన్ మా దేశపు ప్రత్యేక సరుకు అని అమెరికా కాంగ్రెస్ 1964లో తీర్మానం కూడా చేసుకుంది. రైకి అంతకంటే పాత చరిత్ర ఉంది. వాళ్ళ మొదటి ప్రెసిడెంటు జార్జి వాషింగ్టన్ పదవి దిగాక మౌంట్ వెర్నన్‌లో బట్టీ పెట్టి 1799లో దాదాపు 11,000 గ్యాలన్లు తీయించాడు, అందులో ఎక్కువ పాలు రైదే.

"రుచి చెప్పరా" అన్నాను.

"రైలో మిరియాలు, లవంగం తగులుతాయి భాయ్, చివర్లో కొద్దిగా సోంపు. బోర్బన్ తియ్యగా ఉంటుంది. వెనిలా, పాకం, కాలిన చెక్క." కాసేపాగి అన్నాడు: "నిజం చెప్పనా? నాకు కావాల్సింది ఆ పాకం వాసనే. నాన్న తాటిబెల్లం కాస్తుంటే పెనం అంచున కొంచెం అడుగంటేది చూడు, ఆ వాసన. పన్నెండేళ్ళుగా సీసా తర్వాత సీసా కొని దాన్నే వెతుకుతున్నానేమో అనిపిస్తుంది."

ఆ మాట నా గుండెలో దిగబడిపోయింది. ఒకడు పదమూడు వేల కిలోమీటర్ల దూరంలో కాల్చిన పీపాల్లో తండ్రి పొయ్యిని వెతుక్కుంటున్నాడు. ఆ తండ్రి మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్నాడు. ఆయన చెట్లు ఎక్కడం మానేసి రెండేళ్ళయింది.

బాబాయ్ సంగతి చెప్పాలి. మాకు చిన్నప్పుడు ఆయన ఫజర్ అజాన్‌కి ముందే మోకు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. డెబ్భై ఎనభై అడుగుల చెట్టు, నడుముకి కత్తి, చేతిలో కుండ. రాత్రి కట్టిన కుండ దించి, గెల కొసని పల్చగా చెక్కి, కొత్త కుండ కట్టి దిగేవాడు. ఆయన దిగే వేళకి మసీదులో సలాం తిప్పేవారు. మా అబ్బా నమాజ్ అయ్యాక చెంబు పట్టుకుని నేరుగా ఆయన పాక దగ్గరికి వెళ్ళి నీరా తెచ్చేవారు. అమ్మీ గుడ్డలో వడకట్టి మాకు తలో గ్లాసు ఇచ్చేది. ఇంట్లో ఎవరూ దాన్ని కల్లు అనుకోలేదు. ఎవరికీ శక్ రాలేదు. ఎందుకంటే అబ్బా కుండలోకి తొంగి చూసేవారు, బాబాయ్ కుండ వంచి చూపించేవాడు. కుండ లోపల సున్నం తెల్లగా మెరిసేది.

ఆ సున్నమే అసలు కథ. తాటి రసంలో పంచదార నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు దాకా ఉంటుంది. గెల కొసన, గాలిలో, పాత కుండ గోడల్లో కంటికి కనపడని ఈస్టు కాచుకుని కూర్చుంటుంది. చుక్క పడగానే పని మొదలుపెడుతుంది. సున్నం పుయ్యని కుండలో రాత్రంతా కారిన రసం తెల్లారేసరికే కల్లు. సున్నం పూస్తే రసంలో పులుపు పుట్టదు, ఈస్టు చెయ్యి ఆడదు, రసం నీరాగానే ఉంటుంది. అది కూడా కొద్ది గంటలే. దించగానే చల్లగా పెట్టాలి, లేదా పొయ్యెక్కించాలి. పొయ్యెక్కిస్తే రెండు మూడు గంటల్లో బెల్లం. సుమారు ఎనిమిది లీటర్లకి ఒక కిలో. పట్టించుకోకుండా వదిలేస్తే కల్లు. ఇంకా వదిలేస్తే సిర్కా. చూడండి ఈ తమాషా! ఒకే చెట్టు, ఒకే రసం. పొద్దున్న హలాల్, మధ్యాహ్నానికి హరాం, కొన్నాళ్ళు పోతే సిర్కాగా మళ్ళీ హలాల్. చెట్టుది తప్పు కాదు, ఎక్కినవాడిదీ కాదు. ఫర్క్ అంతా సున్నంలో, వేళలో, నియ్యత్‌లో ఉంది.

మొన్న ఏప్రిల్‌లో దోస్త్ వచ్చాడు. వచ్చింది సరదాకి కాదు. బాబాయ్‌కి ఉన్న చిన్న చెక్క అమ్మేద్దామని. గట్టు మీద పదమూడు తాటిచెట్లున్నాయి. కొనేవాడు ఇళ్ళ స్థలాలు చేస్తాడు, చెట్లు కొట్టేసి ఇమ్మన్నాడు. చెట్లు ఎందుకు ఉంచుతారు? బాబాయ్ ఎక్కలేడు. ఎప్పుడో ఒకసారి పడి తుంటి విరిగింది, వయసు డెబ్భై దాటింది. ఆయన అన్న కొడుకు ఒకడు ఎక్కుతున్నాడు, గీత సహకార సంఘంలో మెంబరు. కానీ వాడు దించేది కల్లే. "నీరా దించొచ్చుగా" అంటే "ఎవరు కొంటారండి?" అంటాడు. వాడి మాటా నిజమే. సున్నం ఖర్చు, ఐసు ఖర్చు, రోజూ కుండలు కడిగే చాకిరీ. అంతా చేసి తెల్లారగట్ల నిలబడితే గిరాకీ లేదు. కల్లుకైతే మధ్యాహ్నం మనుషులే వెతుక్కుంటూ వస్తారు. తాటిచెట్టు కోతకు రావాలంటే పన్నెండు పదిహేనేళ్ళు పెరగాలి. కొట్టెయ్యడానికి మిషను రంపం కింద పది నిమిషాలు చాలు.

దోస్త్ సూట్‌కేసులో రెండు సీసాలు తెచ్చుకున్నాడు, ఒకటి రై, ఒకటి బోర్బన్. అవి వాళ్ళింట్లోనే ఉన్నాయి. మా గుమ్మం దాటించాలన్న ఆలోచన కూడా వాడికి రాదు, ఆ ఇజ్జత్ చిన్నప్పటి నుంచీ ఉంది. "కానీ ఆట మాత్రం మీ ఇంట్లో ఆడదాంరా, మీ సరుకుతో" అన్నాడు. అలా మా దస్తర్‌ఖాన్ మీద బెల్లాల పోటీ పెట్టాం.

నాలుగు రకాలు కూడబెట్టాం. అనకాపల్లి చెరకు బెల్లం ఒకటి. తమిళనాడు ఉడన్‌గుడి నుంచి తెప్పించిన తాటిబెల్లం రెండోది, వాళ్ళు కరుపట్టి అంటారు. బాబాయ్ స్వయంగా కాచిన మన ఊరి తాటిబెల్లం మూడు. నాలుగోది ఈతచెట్టు రసంతో చేసే బెంగాల్ నొలెన్ గుడ్. ఖరగ్‌పూర్ రైల్వేలో పని చేసే మా సాలా చలికాలంలో తెచ్చి ఇస్తే డబ్బాలో దాచాం. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు కదా, వాళ్ళ సామాన్లలో ఇది తప్పకుండా ఉంటుంది.

నాలుగింటినీ ఒకే తూకం తీసి, ఒకే కొలత గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, ఒకేలాంటి గ్లాసుల్లో పోశాం. గ్లాసుల కింద చీటీలు. నోరు కడుక్కోవడానికి మంచినీళ్ళు, మరమరాలు. కూర్చున్నవాళ్ళు అమ్మీ, మా బీబీ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, దోస్త్, బాబాయ్, నేను. బాబాయ్ మొదట మొహమాటపడ్డాడు, కుర్చీ అంచునే కూర్చున్నాడు. అమ్మీ లోపలి నుంచి "అన్నయ్యగారూ, తకల్లుఫ్ ఎందుకండీ, సరిగ్గా కూర్చోండి" అంటే, "ఆయ్, కూర్చుంటాను బూబమ్మగారూ" అని ఒక అంగుళం వెనక్కి జరిగాడు.

మొదటి గ్లాసు: నేరుగా తీపి, చివర్లో కొద్దిగా ఉప్పదనం, నోట్లో ఎక్కువసేపు ఆగదు. రెండోది: నలుపు, పొగ వాసన, కాఫీ గింజలు వేయించినప్పటి చేదు. మూడోది: తీపి వెనకే ఒక చిన్న వగరు, దాని వెనక వేపుడు ఖుష్బూ. నాలుగోది మూత తీయగానే మా అమ్మాయి "కోవా!" అని అరిచేసింది. రాసుకున్నాకే మాట్లాడాలన్న షరతు అక్కడితో సరి. కాగితాలు పోల్చుకుంటే బీబీకి నాలుగోది, అమ్మీకి మొదటిది, అమ్మాయికి నాలుగోది, నాకు మూడోది. దోస్త్ కాగితం మీద మూడో నంబరు ఎదురుగా ఏమీ రాయలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఇదేరా" అన్నాడు చాలాసేపటికి.

బాబాయ్ చదువుకోలేదు, రాయలేదు. ఒక్కో గుటక వేసి వేలితో చూపించి చెప్పాడు: "ఇది చెరకు. ఇది మన తాడి కాదు, ఎండ దేశపు తాడి, కట్టెలు కూడా వేరే. ఇది ఈత." మూడో గ్లాసు దగ్గర ఆగాడు. "ఇది నేను కాసిందే. కుండ నాలుగో రోజుది. మావోడు సున్నం తిరగ రాయలేదు, అందుకే కొంచెం పులుపు తగిలింది." కెంటకీలో శనివారం రాత్రి కూర్చునేవాళ్ళు వింటే లేచి సలాం కొట్టేవాళ్ళు.

తర్వాత రెండు గ్లాసులు నీరా పరీక్ష. ఆ రోజు తెల్లారకముందు సున్నం కుండలో దించి ఐసు పెట్టెలో ఉంచినది ఒకటి. సున్నం లేని కుండలోంచి తీసి మధ్యాహ్నం దాకా వదిలేసినది ఇంకొకటి. రెండోదాన్ని అమ్మీ ఇంట్లోకి రానివ్వలేదు, వీధి అరుగు మీదే పెట్టించింది. సరిగ్గా చేసింది. దాన్ని వాసన మాత్రం చూశాం. మా అమ్మాయి వంగి చూసి ముక్కు మూసుకుంది. నురగ కట్టి, బుస్సుమంటూ, అప్పటికే ఘాటెక్కి ఉంది. "రెండూ ఒకే చెట్టువా అబ్బూ?" అంది. ఒకే చెట్టువి, ఒకే రాత్రివి. "అయితే జాయిజ్ ఏదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. బాబాయ్ జవాబు చెప్పాడు: "నురగ, వాసన, సున్నం. మూడూ చూడమ్మా. నాలుగోది ఇచ్చేవోడి మొహం."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాటిచెట్టు మీంచి మనిషి దిగే వేళకి ఊళ్ళో మెలకువగా ఉండేది ఎవరు? ఫజర్‌కి వచ్చినవాళ్ళు. తాజా నీరా గంట రెండు గంటల్లో అమ్ముడవ్వాలంటే దానికి పుట్టుకతో రాసిపెట్టిన గిరాకీ మన ముసల్లీలే కదా! మా అబ్బా కాలంలో జరిగిందే అది. మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఫజర్ తర్వాత మసీదు గేటు బయట, రోడ్డు పక్కన, బాబాయ్ ఐసు పెట్టె పెట్టుకుంటే ఎలా ఉంటుంది? గిరాకీ కుదిరితే చెట్లు కొట్టక్కర్లేదు.

మరునాడు మా బుజుర్గ్‌ల దగ్గర మాట కదిపాను. ఒక పెద్దాయన వెంటనే సామెత అందుకున్నాడు: "తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారురా బాబూ. మసీదు గేటు దగ్గర తాటి కుండ పెడితే లోగ్ క్యా కహేంగే?"

ఆయన్ని తేలిగ్గా తీసెయ్యలేను. మన పెద్దవాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. వాళ్ళు చూసింది సారా రోజులు. ప్రభుత్వమే 'వారుణి వాహిని' అని పేరు పెట్టి ప్యాకెట్లలో ఊరూరా సారా పంచిన రోజులు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు కొంగు బిగించి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో దాన్ని సడలించారు. అప్పుడు నేను స్కూలు పిల్లాణ్ణి. కూలి డబ్బంతా సారా కొట్టులో పోసిన ఇళ్ళలో మన ఇళ్ళు కూడా ఉన్నాయి. నమాజ్ టోపీ పెట్టుకున్న ఇళ్ళలోనూ రాత్రిపూట తన్నులు తిన్న ఆడవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఎవరైనా 'మన సంస్కృతిలో భాగం' అని మందుని ముద్దు చేస్తే నాకు నచ్చదు. దోస్త్‌కి కూడా ఇదే చెబుతాను, వాడూ ఒప్పుకుంటాడు.

కానీ సామెతని తిరగేసి చూడండి. పాలు తాగినా కల్లే అంటారు అన్నప్పుడు అబద్ధం ఎవరిది? తాగినవాడిదా, చూసి అన్నవాడిదా? లోకం అలా అంటుంది గనక ఆ చెట్టు కిందికే వెళ్ళకు అన్నాం. ఆ చెట్టు ఎక్కేవాణ్ణి మన గుమ్మానికి దూరం పెట్టాం. నీరా కొనేవాడు లేక వాడు కల్లే దించాడు. ఇప్పుడు 'చూశావా, కల్లు మనిషి' అంటున్నాం. హలాల్ రోజీకి దారి మూసేసి, హరాం వైపు వెళ్ళాడని ఎంచడం ఏం ఇన్సాఫ్?

ఇమామ్ సాబ్ యువకుడు, అంతా విన్నారు. "నషా తెచ్చేది హరాం, అందులో రెండో మాట లేదు. నషా లేనిదాన్ని పేరు చూసి హరాం అనడానికి మనమెవరం?" అన్నారు. ప్రవక్త (స) ఇంట్లో ఎండుద్రాక్ష నీళ్ళలో నానబెట్టి నబీజ్ చేసేవారనీ, మూడో రోజు దాటాక దాన్ని తాగక పారబోయించేవారనీ సహీ ముస్లింలో ఉన్న సంగతి గుర్తు చేశారు. వెంటనే ఇంకో మాట కలిపారు: "అయితే అది ఎండుద్రాక్ష నీళ్ళు. మన తాటి రసానికి మూడు రోజులు కాదు, మూడు గంటలు కూడా ఎక్కువే. రోజుల లెక్క పట్టుకోకండి, నషా లెక్క పట్టుకోండి." అలా ఆయనే షరతులు పెట్టారు. కుండలో సున్నం అందరికీ కనపడాలి. ఐసు పెట్టె ఉండాలి. ఏడు దాటితే ఒక్క గ్లాసు అమ్మకూడదు. మిగిలింది అందరి ముందూ బెల్లం పెనంలో పొయ్యాలి. గేటు లోపల కాదు, బయట. పెద్దాయన "చూద్దాం" అన్నాడు. మా ఊళ్ళో చూద్దాం అంటే సగం సరే అన్నట్టు.

బాబాయ్‌కి ఈ షరతులు చెప్పడానికి నాకు కొంచెం జంకుగా అనిపించింది. అరవై ఏళ్ళ అనుభవానికి మేం షరతులు పెట్టడమా? ఆయన విని, "ఆయ్, మీ నాన్నగారు కూడా కుండ చూశాకే తీసుకునేవోరు. ఆయన ఒక్కరోజు కూడా నన్ను అనుమానించలేదు, ఒక్కరోజు కూడా చూడకుండా తీసుకోలేదు" అన్నాడు. నేను డిగ్రీలో చదివిన పుస్తకాలన్నిటిలో యఖీన్‌కి ఇంత చక్కటి మాట దొరకలేదు.

ఏప్రిల్ చివరి వారంలో మొదలుపెట్టారు. మొదటి రోజు నాలుగు గ్లాసులు. అందులో రెండు మావే. మూడో రోజు హైస్కూలు మాస్టారొకాయన తన మనవడికి పట్టించాడు. వారం తిరిగేసరికి నమాజ్‌కి రాని హిందూ పెద్దవాళ్ళు, నడకకి వెళ్ళేవాళ్ళు, రాజోలు వైపు వెళ్ళే ఆటోవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. పదో రోజున అన్న కొడుకు సున్నం సరిగ్గా పుయ్యకపోతే బాబాయ్ ఆ కుండని అక్కడికక్కడే పక్కన పెట్టించాడు, ఆ రోజు గిరాకీ సగం పోయింది. నిజానికి గిరాకీ పెరిగింది ఆ రోజు తర్వాతే. చిన్న ఊళ్ళో ఖబర్ ఫజర్‌కి పుడితే జొహర్‌లోపు అందరికీ తెలుస్తుంది. సామెత చెప్పిన పెద్దాయన మాత్రం చివరిదాకా గ్లాసు ముట్టుకోలేదు. కానీ ఒక శుక్రవారం తాటిబెల్లం రెండు కిలోలు ఇంటికి పంపమన్నాడు. షుగర్ ఉంది, బెల్లం కూడా చక్కెరే, జాగ్రత్త అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ మాట మీకూ చెబుతున్నా. తాటిది అయినంత మాత్రాన తీపి తీపి కాకుండా పోదు.

ఇదంతా మనమే కనిపెట్టిన వింత కూడా కాదు. తాటిబెల్లాన్ని గాంధీగారు గ్రామ పరిశ్రమగా ఎప్పుడో ప్రోత్సహించారు. మన్యంలో రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి మీద ఏళ్ళ తరబడి పని చేస్తోంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మే నెలలో ప్రభుత్వమే నీరా కేఫ్ తెరిచింది. పని మీద వెళ్ళినప్పుడు నేనూ అక్కడ ఒక గ్లాసు తాగాను. బావుంది, చల్లగా, శుభ్రంగా. కానీ అక్కడ కుండ వంచి చూపించే మనిషి లేడు.

మే నెలాఖరుకి గెలలు తగ్గాయి, అమ్మకం ఆగింది. దోస్త్ అప్పటికే కెంటకీ వెళ్ళిపోయాడు. చెక్క అమ్మేశాడు. డబ్బు అవసరం నిజమైనదే, దాన్ని నేను కాదనలేను. కానీ గట్టు అమ్మలేదు. కాగితాల్లో గట్టు వరకూ వేరుగా రాయించాడు. చెట్లు పదమూడులో రెండు దారికి అడ్డమని పోయాయి, పదకొండు మిగిలాయి. ఒక నెల నీరా అమ్మకం లెక్క చూస్తే ఎవరూ కోటీశ్వరులు కాలేదు. అన్న కొడుకు కల్లు మీద సంపాదించేదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చింది, అంతే. వచ్చే జనవరికి వాడు నీరా దించుతాడా, మళ్ళీ కల్లుకే వెళ్తాడా అన్నది నా చేతిలో లేదు. తెల్లారగట్ల చెంబు పట్టుకుని ఎంతమంది వస్తారన్న దాని మీద ఉంది.

దోస్త్ సూట్‌కేసులో ఈసారి సీసాలు లేవు. నాలుగు కిలోల తాటిబెల్లం, తాటాకు బుట్టలో చుట్టి పెట్టాం. మొన్న శనివారం ఫోను చేశాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో పోటీకి ఐదు గ్లాసులు పెట్టాడట. రెండు రై, రెండు బోర్బన్, ఐదో గ్లాసులో వేడినీళ్ళలో కరిగించిన బాబాయ్ బెల్లం. వచ్చిన అమెరికన్లకి ఏమీ చెప్పలేదట. ఒకాయన ఐదోది వాసన చూసి "ఇది ఏ పీపాలో పెట్టారు?" అని అడిగాడట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"పీపా కాదు, కుండ అని చెప్పాను" అన్నాడు.